పోటీలో ఓడిపోయామా?

మన డండాక్‌లో నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే ఏదో ఒక వేళ చరిత్ర ప్రస్తావన రాకమానదు. వచ్చినప్పుడల్లా ఒక మాట వినబడుతుంది: "ఇంగ్లీషువాడు వ్యాపారానికి వచ్చాడు. తెలివిగా చేసుకున్నాడు. మనవాళ్ళు పోటీకి నిలవలేకపోయారు." చదువుకున్నవాళ్ళే ఈ మాట అంటున్నారు. ఇది శుద్ధ అబద్ధం.

డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నం రేవుకు వచ్చింది ముఖ్యంగా కొనడానికి. వాళ్ళ ఉన్నిబట్ట మన ఎండల్లో ఎవరికి కావాలి? అందుకే వెండి తెచ్చారు. చిరివేరు ఎరుపు అద్దిన బట్టలు కొని, వాటినిచ్చి తూర్పు దీవుల్లో సుగంధద్రవ్యాలు కొన్నారు. గోల్కొండ సుల్తాను ఓడలూ పర్షియా రేవులకు సాగాయి. అయితే నేతగాడి కష్టాన్ని మన దళారులూ, అధికార్లూ కూడా తిన్నారు. ఆ పాపం మనదే, ఒప్పుకుందాం.

కాని పోటీ సంగతేమిటి? మన అద్దకం బట్టల మోజు లండనులో పెరిగింది. అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెట్టారు. 1700లో పార్లమెంటు చట్టం చేసి ఆ బట్టలు ఇంగ్లండులో ధరించడం నిషేధించింది. 1721లో ఇంకా గట్టి చట్టం తెచ్చింది. 1774లో సడలించినా, ఆ సడలింపు ఇంగ్లండులో తయారైన నూలుబట్టకే!

మనముంటున్న ఈ దేశానికి మాత్రం ఏం న్యాయం జరిగింది? 1699లో అదే పార్లమెంటు ఐర్లండు ఉన్నిబట్ట ఇంగ్లండుకు తప్ప మరెక్కడికీ పోరాదని శాసించింది. ఇంగ్లండుకు పంపుదామంటే అక్కడ మోయలేని సుంకం. తమకు పోటీ కాని నారబట్టకు మాత్రం దారి విడిచారు. 1730లలో ఫ్రెంచివారిని రప్పించి ఇదే డండాక్‌లో కేంబ్రిక్ అనే సన్ననారబట్ట నేయించారు. ఎవరేది నేయాలో నిర్ణయించింది సంత కాదు, శాసనం.

ఇక మనవైపు 1759లో మచిలీపట్నం కోట, 1766లో ఉత్తర సర్కారులు కంపెనీ చేజిక్కాయి. కొనేవాడే పాలకుడైతే ధర అడిగే దిక్కెవరు? యంత్రాలు మన మగ్గాన్ని దెబ్బతీసిన మాట నిజమే. అయితే ఆ యంత్రాలు పెరిగింది ఈ చట్టాల నీడలోనే.

తలుపు మూసి, కాళ్ళు కట్టేసి, "పరుగులో ఓడిపోయావు" అన్నాడు వాడు. అన్నవాడికి సిగ్గు లేకపోవచ్చు. ఆ మాటనే మన పిల్లలకు పాఠంగా చెప్పడానికి మనకుండొద్దా?