గోడకు వేలాడే గొడ్డలి

మా గల్లీలో ఒక పిల్లగాడు గొడ్డలి తెప్పించుకున్నాడు. ఇటొక రెక్క, అటొక రెక్క, నడుమ పుర్రె బొమ్మ. మూడు వేలు పెట్టాడు, వాళ్ళమ్మ బీడీలు చుట్టి దాచిన పైసలు. "అసలైన యుద్ధపు గొడ్డలి మామా, రాఖీ పున్నమికి రథం ముందు తిప్పుతా" అని నా చేతికిచ్చాడు. నాలుగు కిలోలకు తక్కువ లేదు. అక్కడే నాకు అనుమానం వచ్చింది.

యుద్ధపు గొడ్డలి అంత బరువుండదు. వెయ్యేళ్ళ కింద డెన్మార్క్, నార్వే దిక్కు నుంచి ఓడలెక్కి వచ్చిన వైకింగులు వాడిన పొడవు గొడ్డలే చూడండి. దాని మొత్తం బరువే ఒకటి, రెండు కిలోల మధ్య ఉంటుంది. అంచు జానెడు వెడల్పు, కానీ రేకు బాగా పలచన. అంచుకు మటుకు గట్టి ఉక్కు అతికేవారు, మిగతా ఒళ్ళు మెత్తని ఇనుము. మనం కట్టెలు కొట్టే గొడ్డలి మందంగా ఉంటుందంటే దుంగను చీల్చాలి కాబట్టి. యుద్ధంలో అట్లా కాదు. దెబ్బ తప్పితే మళ్ళీ ఎత్తాలి, అదీ వెంటనే. బరువైతే చెయ్యి తిరగదు, ఈలోపు ఎదుటివాడు ఊరుకుంటాడా?

మనం నేతపనివాళ్ళం కాబట్టి ఒక బట్ట సంగతి చెప్తాను. 1066లో ఇంగ్లండులో హేస్టింగ్స్ దగ్గర జరిగిన యుద్ధాన్ని సుమారు 70 మీటర్ల నార బట్ట మీద ఉన్ని దారాలతో కుట్టారు. ఇప్పుడు దాన్ని బయో టేపెస్ట్రీ అంటారు. పేరు అట్లా పడింది గానీ అది మగ్గం మీద నేసింది కాదు, అంతా సూదిపని. అందులో ఇంగ్లీషు సైనికులు రెండు చేతులా పట్టుకున్న పొడవు గొడ్డళ్ళకు ఒక్కటే రెక్క.

రెండు రెక్కలవి అసలే లేవని కాదు. గ్రీసు దేశపు క్రీటు దీవిలో చాలా దొరికాయి. వాటిలో పలుచటి బంగారు రేకువి కూడా ఉన్నాయి, దేవుడికి మొక్కు చెల్లించినవి. నగిషీ పనీ తప్పు కాదు. డెన్మార్క్‌లో మామెన్ అనే చోట 1868లో ఒక సమాధిలో దొరికిన గొడ్డలి నిండా వెండి తీగ పొదిగారు. అయినా దాని ఆకారం పనిముట్టుదే.

పిల్లగాడి గొడ్డలికి మంచి కట్టె కామ లేదు, బోలు గొట్టం ఉంది. తలను ఒక్క సన్న బోల్టు పట్టుకుని ఉంది. ఊపితే లోపల గడగడమంది. వాకిట్లో రెండుసార్లు తిప్పమన్నాను, చుట్టూ ఎవరూ లేకుండా చూసి. రెండోసారికే తల ఊడి పోయి గోడకు తగిలింది. రథం ముందు ఎంత జనం ఉంటారో మీకు తెలుసు. వాడి మొహం పాలిపోయింది, నా కాళ్ళూ వణికాయి.

ఇప్పుడది వాళ్ళింట్లో గోడకు వేలాడుతోంది. నిన్న వాళ్ళమ్మ "అన్నా, అమ్మితే ఎంతొస్తది?" అని అడిగింది. తుక్కు ధర చెప్పడానికి నోరు రాక, చాయ్ తాగి వచ్చేశాను.