బరువు లాగే ఇంజన్ ఏది?

రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 సీసీ బైకు ఇంజన్ సుమారు 47 హార్స్ పవర్ ఇస్తుంది. మన పొలాల్లో దమ్ము చేసే ట్రాక్టర్లలో చాలా వాటి శక్తి కూడా ఇంచుమించు అంతే: 45, 47, 50. కాగితం మీద రెండూ సమానం. కానీ ఒకటి కేజ్ వీల్స్ తగిలించుకుని బురదలో పొద్దుటి నుంచి పొద్దుపోయేదాకా తిరుగుతుంది. రెండోది ఆ పని ఒక్క గంట కూడా చేయలేదు. బండి కొనేటప్పుడు మనలో ఎక్కువమంది ముందుగా అడిగేది హార్స్ పవర్ ఎంత అనే. లోడు లాగాల్సిన బండికి ఆ ఒక్క అంకె చూసి నిర్ణయం తీసుకుంటే డబ్బు నష్టపోతాం.

ఆ 47 హార్స్ పవర్ ఏ వేగం దగ్గర పుడుతోందన్నది అసలు ప్రశ్న. బైకు ఇంజన్ నిమిషానికి 7,250 చుట్లు తిరిగితే గానీ అంత శక్తి రాదు. ట్రాక్టర్ ఇంజన్‌కు 2,000 చుట్లు చాలు. ఇంజన్ తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, అది తిరిగే వేగంతో గుణిస్తే వచ్చేదే హార్స్ పవర్. నెమ్మదిగా తిరుగుతూ అంతే శక్తి ఇవ్వాలంటే ఒక్కో చుట్టులో బలం ఎక్కువ ఉండాలి. ఈ లెక్కన 47 హార్స్ పవర్ ట్రాక్టర్ ఇంజన్ 2,000 ఆర్‌పీఎం దగ్గర సుమారు 167 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తోంది. బైకు ఇంజన్ ఎంత గట్టిగా తిప్పినా 52 దగ్గరే ఆగిపోతుంది.

'హార్స్ పవర్ పరుగెత్తిస్తుంది, టార్క్ లాగుతుంది' అని మెకానిక్ షెడ్లలో ఒక మాట వినిపిస్తుంటుంది. అది సగమే నిజం. గేర్‌బాక్స్ ఉన్నదే టార్క్‌ను పెంచడానికి. వేగాన్ని వదులుకుంటే ఎంత చిన్న ఇంజన్‌తోనైనా చక్రాల దగ్గర కావలసినంత బలం పుట్టించవచ్చు. ఫలానా బరువును ఫలానా వాలు మీద ఫలానా వేగంతో ఎక్కించాలంటే ఎంత శక్తి కావాలో భౌతికశాస్త్రం తేల్చి చెబుతుంది. అందులో పెట్రోలా డీజిలా అన్న ప్రశ్నే లేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. 28 టన్నుల బరువుతో ఒక పది టైర్ల లారీ ఘాట్ ఎక్కుతోంది. ప్రతి వంద మీటర్లకు ఆరు మీటర్లు లేచే వాలు, గంటకు 20 కిలోమీటర్ల వేగం. టైర్ల రాపిడిని కూడా కలుపుకుంటే సుమారు 140 హార్స్ పవర్ కావాలి. ఈ రోజుల్లో 160 హార్స్ పవర్ పెట్రోల్ కార్లు మన వీధుల్లో తిరుగుతున్నాయి. అంకె ప్రకారం ఆ కారు ఇంజన్ ఈ లారీని కొండ ఎక్కించాలి. సరైన గేర్లు అమర్చితే ఎక్కిస్తుంది కూడా. అయితే 5,000 ఆర్‌పీఎం చుట్టుపక్కల అరగంట పాటు, ఇంజన్ ఇవ్వగలిగినదంతా ఇస్తూ తిరగాలి. రేడియేటర్ నీళ్లు మరగకుండా చూసుకోవాలి. ఆ అరగంటలో సుమారు 20 లీటర్ల పెట్రోల్ తాగుతుంది. అదే పని లారీ డీజిల్ ఇంజన్ అంతకంటే ఎంతో తక్కువ వేగంతో తిరుగుతూ 13 లీటర్ల లోపే పూర్తిచేస్తుంది. ఇలాంటి ఘాట్లు రోజూ ఎక్కే బండిలో పెట్రోల్ ఇంజన్ ఎన్నాళ్లు మన్నుతుందో మెకానిక్‌కు వేరే చెప్పనక్కర్లేదు. అంటే బరువు లాగడంలో డీజిల్ గెలుస్తున్నది లాగగలిగే సత్తాలో కాదు. రోజంతా లాగినా అలసిపోకపోవడంలో, లాగిన ప్రతి టన్నుకూ తక్కువ ఇంధనం కాల్చడంలో.

దానికి కారణం సిలిండర్ లోపలే ఉంది. పెట్రోల్ ఇంజన్ గాలినీ పెట్రోల్‌నూ కలిపి లోపలికి పీల్చుకుని, పదింతలకు అటూ ఇటూగా నొక్కి, స్పార్క్ ప్లగ్‌తో అంటిస్తుంది. మరీ ఎక్కువ నొక్కితే ఆ మిశ్రమంలో కొంత భాగం స్పార్క్ మంట చేరేదాకా ఆగకుండా తనంతట తానే పేలుతుంది. మెకానిక్‌లు నాకింగ్ అనేది దీన్నే. లోడు పెరిగి ఇంజన్ వేడెక్కేకొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది. దాన్ని తప్పించుకోవడానికీ, పొగగొట్టం వైపు భాగాలను చల్లబరచడానికీ ఇంజన్ కంప్యూటర్ అవసరానికి మించి పెట్రోల్ చల్లుతుంది. ఖాళీగా వెళ్లేటప్పుడు మంచి మైలేజీ ఇచ్చే టర్బో పెట్రోల్ బండి లోడెక్కగానే ట్యాంకు ఖాళీ చేయడం ఇందువల్లే. డీజిల్ ఇంజన్ ఒట్టి గాలినే 15 నుంచి 18 ఇంతలు నొక్కుతుంది. ఆ నొక్కుడుకు గాలి 500 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడెక్కుతుంది. అందులోకి డీజిల్ చల్లితే చాలు, దానంతటదే అంటుకుంటుంది. ముందుగా పేలిపోతుందన్న భయం లేదు కాబట్టి టర్బోతో గాలిని ఇంకా దట్టించవచ్చు. గాలిదారికి అడ్డుపెట్టి శక్తిని అదుపుచేసే పని కూడా లేదు. చల్లే డీజిల్‌ను తగ్గిస్తే సరిపోతుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించిన ఇంజన్ ఇంధనంలోని వేడిలో సుమారు 26 శాతాన్ని పనిగా మార్చింది. ఆనాటి ఆవిరి యంత్రాలు అందులో సగం కూడా చేయలేకపోయేవి. నేటి లారీ ఇంజన్లు 40 శాతం దాటాయి.

పొలంలో దీని ఫలితం కళ్లకు కనిపిస్తుంది. రోటావేటర్ గట్టి నేలలో దిగబడితే ఇంజన్ వేగం పడిపోతుంది. పడేకొద్దీ డీజిల్ ఇంజన్ టార్క్ కొంతమేర పెరుగుతూ వస్తుంది. శబ్దం బరువెక్కుతుంది, పొగ కాస్త నల్లబడుతుంది, కానీ బండి ఆగదు. డ్రైవర్ గేరు మార్చనక్కర్లేకుండానే ఆ చెక్క దాటిపోతుంది. తొలినాటి ఫోర్డ్‌సన్ ట్రాక్టర్లు పెట్రోల్‌తో స్టార్టయి కిరోసిన్‌తో నడిచేవి. వాటిని డీజిల్ పక్కకు నెట్టడంలో ఈ గుణం కూడా ఒక కారణం. డీజిల్‌కు ఒక లోపమూ ఉంది. ఘాట్ దిగేటప్పుడు కాలు తీసేస్తే పెట్రోల్ ఇంజన్ బండిని బాగా పట్టి ఉంచుతుంది. గాలిదారి మూసుకోని డీజిల్ ఇంజన్ అంతగా పట్టదు. అందుకే లారీలకు, బస్సులకు ఎగ్జాస్ట్ బ్రేక్ విడిగా పెడతారు. అది పనిచేయని లారీ లోడుతో ఘాట్ దిగకూడదు.

ఇక కార్ల సంగతి. హ్యుందాయ్ క్రెటాలో 1.5 లీటర్ల ఇంజన్లే మూడు రకాలున్నాయి. మామూలు పెట్రోల్‌కు 115 హార్స్ పవర్, 144 న్యూటన్ మీటర్ల టార్క్. డీజిల్‌కు 116 హార్స్ పవర్, 250 న్యూటన్ మీటర్లు. షోరూమ్‌లో మొదటి అంకెలు రెండూ చూసినవారికి తేడా లేదనిపిస్తుంది. కానీ డీజిల్ తన 250నీ 1,500 ఆర్‌పీఎం దగ్గరే ఇస్తుంది. అంటే ఆ వేగం వద్ద దాని చేతిలో 53 హార్స్ పవర్ సిద్ధంగా ఉంది. మామూలు పెట్రోల్ గరిష్ఠ టార్క్ వచ్చేది 4,500 దగ్గర. ఒకవేళ అది కూడా 1,500 దగ్గరే వచ్చిందనుకున్నా 31 హార్స్ పవర్ మించదు. ఐదుగురు ఎక్కి, ఏసీ వేసుకుని తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు ఒక బండి మూడో గేరులో నిమ్మళంగా వెళ్తుంటే మరొకటి రెండో గేరులో గోల చేయడానికి మూలం ఈ తేడాయే. ఇన్నోవా క్రిస్టాలో ఇంకో చిత్రం కనిపించేది. అందులో 2.7 లీటర్ల పెట్రోల్ ఇంజన్ 166 హార్స్ పవర్‌తో 150 హార్స్ పవర్ డీజిల్ కంటే శక్తిమంతం. అయినా టాక్సీ డ్రైవర్లు డీజిల్‌నే కోరుకున్నారు. పెట్రోల్ ఇంజన్ 4,000 ఆర్‌పీఎం దగ్గర ఇచ్చే శక్తిని ఇంచుమించుగా డీజిల్ 2,800కే ఇచ్చేసేది.

కానీ క్రెటాలోని మూడో ఇంజన్ ఈ కథను మలుపు తిప్పింది. అది టర్బో పెట్రోల్. 160 హార్స్ పవర్, 253 న్యూటన్ మీటర్లు. ఆ టార్క్ కూడా 1,500 ఆర్‌పీఎం నుంచే. కింది వేగాల్లో బలం డీజిల్ సొత్తు అన్న పాత మాటకు కార్ల వరకు కాలం చెల్లింది. ట్రైలర్లు లాగడం కుటుంబాలకు సైతం మామూలు విషయమైన అమెరికాలో ఇది ముందే తేలింది. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉండే మనవాళ్లు రోజూ చూసే ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌కు ఆ కంపెనీ 2018లో 3 లీటర్ల డీజిల్ ఇంజన్ తెచ్చింది. దాని టార్క్ సుమారు 600 న్యూటన్ మీటర్లు. అదే బండిలోని 3.5 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్ 400 హార్స్ పవర్‌తో పాటు 680 న్యూటన్ మీటర్ల దాకా ఇచ్చేది. పైగా అక్కడ డీజిల్ మీద కేంద్ర పన్నే గ్యాలన్‌కు ఆరు సెంట్లు ఎక్కువ. కొనేవాళ్లు పెట్రోల్ వైపే మొగ్గారు. 2021లో ఫోర్డ్ ఆ డీజిల్‌ను ఆపేసింది. అయితే అదే కంపెనీ తన పెద్ద పికప్‌లలో 6.7 లీటర్ల డీజిల్‌ను వదల్లేదు సరికదా, 1,600 న్యూటన్ మీటర్లు దాటించింది. పక్కనే అమ్మే 7.3 లీటర్ల పెట్రోల్ ఇంజన్‌ది 660 దరిదాపుల్లో ఆగిపోయింది. అప్పుడప్పుడు చిన్న ట్రైలర్ లాగే ఇంటికి పెట్రోల్, రోజూ టన్నుల కొద్దీ లాగే పనికి డీజిల్ అని అక్కడి మార్కెట్ గీత గీసుకుంది.

మన దేశంలో ఆ గీత చాలాకాలం చెరిగిపోయింది. తప్పు ఇంజన్‌ది కాదు, ధరలది. రైతు కోసం, బస్సు కోసం, సరుకు రవాణా కోసం డీజిల్ ధరను ప్రభుత్వం అణచి ఉంచింది. 2012 మధ్యలో రెండు ఇంధనాల మధ్య లీటరుకు 30 రూపాయలకు పైగా తేడా ఉండేది. దాంతో రోజుకు పది కిలోమీటర్లు తిరిగే ఉద్యోగి కూడా డీజిల్ కారే కొన్నాడు. ఆ రోజుల్లో అమ్ముడైన కార్లలో సగానికి పైగా డీజిల్‌వే. రైతుకు ఉద్దేశించిన రాయితీ నగరాల్లోని కార్ల ట్యాంకుల్లోకి, పొగ పిల్లల ఊపిరితిత్తుల్లోకి చేరింది. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చి చెప్పింది. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద నియంత్రణ ఎత్తేశారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణం వచ్చింది. డీజిల్ కారు కిలోమీటరుకు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి 250 మిల్లీగ్రాముల నుంచి 80కి దిగింది. దాన్ని అందుకోవడానికి మసిని పట్టే ఫిల్టర్, పెద్ద బండ్లకైతే డ్రైవర్లు 'యూరియా' అని పిలిచే ద్రవం చల్లే ఏర్పాటు తప్పనిసరయ్యాయి. ఇవి ఖరీదైనవి. చిన్న డీజిల్ ఇంజన్‌కు ఈ ఖర్చు గిట్టుబాటు కాదని మారుతి సుజుకి ఏకంగా డీజిల్ కార్లకే స్వస్తి చెప్పింది. 2005లో 16 హార్స్ పవర్ డీజిల్‌తో వచ్చి మన ఊళ్లలో కూరగాయల నుంచి సిమెంటు దాకా మోసిన టాటా ఏస్‌కు కూడా బీఎస్-6తో పెట్రోల్ ఇంజన్ తోడైంది. ముప్పావు టన్ను బరువుకు ఆ పెట్రోల్ సరిపోతోంది.

మసి ఫిల్టర్ గురించి షోరూమ్‌లో చెప్పని సంగతి ఒకటుంది. అందులో పేరుకున్న మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు హైవే మీద కొంతసేపు ఒకే ఊపులో పరుగెత్తాలి. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి ట్రాఫిక్‌లో వెళ్లి వచ్చే బండికి ఆ అవకాశం రాదు. ఫిల్టర్ మూసుకుపోతుంది, డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది, వర్క్‌షాపులో వేల రూపాయల బిల్లు తయారవుతుంది. డబ్బు లెక్కా అంతే. డీజిల్ కారుకు లక్షన్నర ఎక్కువ పెట్టారనుకుందాం. ఇంధనంలో కిలోమీటరుకు రూపాయి ఎనభై పైసలు మిగిలిందనుకుందాం. పెట్టింది తిరిగి రావడానికి 83 వేల కిలోమీటర్లు తిరగాలి. ఏడాదికి ఎనిమిది వేలు తిరిగే కుటుంబానికి అది పదేళ్ల మాట. ఏడాదికి అరవై వేలు తిరిగే టాక్సీకి ఏడాదిన్నర కూడా పట్టదు.

అందువల్ల డీజిల్ మొత్తాన్నీ ఒకే గాటన కట్టే ప్రతిపాదనలు నాకు సమ్మతం కాదు. పది లక్షలు దాటిన జనాభా గల నగరాల్లో డీజిల్ నాలుగు చక్రాల వాహనాలను 2027 కల్లా నిషేధించాలని పెట్రోలియం శాఖ మాజీ కార్యదర్శి తరుణ్ కపూర్ నాయకత్వంలోని కమిటీ 2023లో సిఫార్సు చేసింది. కేంద్రం దాన్ని ఆమోదించలేదు. నగరంలో ఒక్కరే కూర్చుని వెళ్లే డీజిల్ ఎస్‌యూవీ మీద అదనపు పన్ను వేసినా అన్యాయం కాదు. ఆ బండి చేసే పనిని పెట్రోల్ చేయగలదు, కరెంటు ఇంకా బాగా చేయగలదు. తిరుమల ఘాట్‌లోనే 2022 నుంచి విద్యుత్ బస్సులు భక్తులను కొండ మీదికి చేరుస్తున్నాయి. కానీ ధాన్యం లారీకి, వరికోత యంత్రానికి, ట్రాక్టర్‌కు ఈ రోజున డీజిల్‌కు దీటైన మరో ఇంజన్ రైతుకు అందుబాటు ధరలో లేదు. వాటి విషయంలో చేయాల్సింది నిషేధం కాదు, పొగను నిక్కచ్చిగా అదుపు చేయడం. 50 హార్స్ పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 నుంచి కఠిన ప్రమాణాలు వచ్చాయి. ఆ లోపు వాటికీ అంచెలంచెలుగా, రైతు మీద భారమంతా పడకుండా తేవాలి. మసి ఫిల్టర్ పీకేసి, యూరియా వ్యవస్థను మోసగించి తిరిగే లారీలను పట్టుకోవాలి. పొల్యూషన్ సర్టిఫికెట్‌ను బండి చూడకుండానే రాసిచ్చే కేంద్రాల లైసెన్సులు రద్దుచేయాలి.

కొనేవారికి ఒక మాట. బ్రోచర్‌లో హార్స్ పవర్ పక్కనా టార్క్ పక్కనా చిన్న అక్షరాల్లో ఆర్‌పీఎం రాసి ఉంటుంది. ముందు అది చదవండి. ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో, అందులో ఎన్ని లోడుతో తిరుగుతారో కాగితం మీద రాసుకోండి. ఏడాదికి పదిహేను వేల కిలోమీటర్ల లోపు తిరిగే ఇంటికి, ఎక్కువగా ఊళ్లోనే తిరిగే కారుకు పెట్రోలే తీసుకోండి. బరువు లాగడమే బతుకుతెరువైన బండికి మాత్రం డీజిల్ తీసుకోండి. దాని ఫిల్టర్‌ను, యూరియా ట్యాంకును ఇంజన్ ఆయిల్‌తో సమానంగా చూసుకోండి.