నా కడుపు మీద ఎవరి సంతకం?

"మీవారు రాలేదా మేడమ్?"

కౌంటర్ దగ్గర అమ్మాయి మర్యాదగానే అడిగింది. పెళ్ళి కాలేదన్నాను. "పోనీ నాన్నగారు?" పోయారన్నాను. "అన్నదమ్ములెవరైనా ఉంటే తీసుకురండి మేడమ్, సంతకానికి ఒకరుండాలి కదా" అంది. నాకు 36 ఏళ్ళు. సాహిత్యంలో డాక్టరేటు ఉంది. ఉద్యోగం ఉంది. ఇంటద్దె నేనే కడతాను, అమ్మ మందులు నేనే కొంటాను. కానీ నా జీర్ణాశయంలో ముప్పాతిక వంతు కోసి తీసెయ్యడానికి మాత్రం నా సంతకం ఒక్కటీ చాలదట!

బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అని ఏడాదిగా ఆలోచిస్తున్నాను. ఈ ఏడాదిలో నాకు సలహా చెప్పని మనిషి లేరు. చేయించుకోమన్న బంధువులూ, "ఛీ, నువ్వు కూడానా!" అన్న స్నేహితురాళ్ళూ నా శరీరం గురించి నాకంటే నిశ్చయంగా ఉన్నారు. ఈ రెండు పక్షాలతోనూ నాకు పేచీ ఉంది. ఆ పేచీయే ఈ వ్యాసం.

ముందు నా లెక్కలు చెప్తాను. వీటిని దాచుకునే సిగ్గు నాకిప్పుడు లేదు. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు. బి.ఎం.ఐ. 41 దాటింది. నాలుగేళ్ళుగా షుగరుంది. నిద్రలో నా ఊపిరి ఆగి ఆగి వస్తోందని, అంటే స్లీప్ ఆప్నియా ఉందని, పరీక్షలో తేలింది. పొద్దున లేచేసరికి తల దిమ్ముగా ఉంటుంది, పాఠం చెప్తూ చెప్తూ కళ్ళు మూతలు పడతాయి. ఈ బాధలతో నేను ఆ ఆసుపత్రికి వెళ్ళాను. కౌన్సిలర్ నాకో ఆల్బమ్ చూపించింది. ఎడం పక్క నైటీలో లావుపాటి అమ్మాయి, కుడి పక్క అదే అమ్మాయి పట్టుచీరలో, మెళ్ళో పూలదండతో. "ఈమెకి ఆర్నెల్లలో సంబంధం కుదిరింది మేడమ్!" నేను వెళ్ళింది ఊపిరి కోసం. వాళ్ళు చూపించింది పెళ్ళికొడుకుని.

ఆల్బమ్ తయారుచేసినవాళ్ళకి మనుషుల మనసు తెలుసు. చిన్నప్పుడు బళ్ళో నన్ను 'పిప్పళ్ళ బస్తా' అన్నారు. పెళ్ళిచూపుల రోజుల్లో మా పిన్ని "అమ్మాయి బాగా చదువుకుంది, కానీ కాస్త ఒళ్ళు..." అని మధ్యలో ఆపేసేది. నా చదువంతా ఆ 'కానీ'కి ఇవతలే ఆగిపోయింది. మన సినిమాల్లో లావుపాటి స్త్రీ కనిపించిందంటే మంచం విరగాల్సిందే, హాలంతా నవ్వాల్సిందే. అదే మగవాడి పొట్టనైతే 'బొజ్జ' అని ముద్దు చేస్తాం, 'పర్సనాలిటీ' అని గౌరవిస్తాం.

భాష చదువుకున్నదాన్ని కాబట్టి ఇంకో మాట చెప్పాలి. తెలుగులో 'కొవ్వు' అంటే శరీరంలో పేరుకున్న పదార్థం మాత్రమే కాదు, పొగరు కూడా. ఎదురు చెప్పిన ఆడదాన్ని "కొవ్వెక్కి మాట్లాడుతోంది" అంటారు, "ఒళ్ళు బలిసిందా" అంటారు. "నీ కొవ్వు దించుతా" అని బెదిరిస్తారు. స్త్రీ స్థలం ఎక్కువ ఆక్రమించినా, నోరు ఎక్కువ చేసినా మన భాషలో ఒకటే నేరం, ఒకటే శిక్ష. ఆల్బమ్‌లో కుడి పక్క ఫోటోలన్నీ తలలు వంచుకుని ఎందుకున్నాయో నాకప్పుడు అర్థమైంది.

సరే, ఆపరేషన్ అంటే ఏమిటి? చాలామంది దీన్ని లైపోసక్షన్‌తో కలిపేస్తారు. 2015 జూన్‌లో సినీనటి ఆర్తీ అగర్వాల్ 31 ఏళ్ళకే అమెరికాలో చనిపోయినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకుందని పేపర్లన్నీ రాశాయి. అది గుర్తొచ్చి మా అమ్మ వణికిపోయింది. లైపోసక్షన్ చర్మం కింది కొవ్వుని పీల్చేసేది. అది రూపం కోసం చేసేదే కానీ షుగరు కోసం కాదు. బేరియాట్రిక్ సర్జరీ వేరు. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం కోసి తీసేసి, మిగిలినదాన్ని అరటికాయ ఆకారంలో ఒక గొట్టంలా కుట్టేస్తారు. బైపాస్ పద్ధతిలో జీర్ణాశయం పైభాగాన చిన్న సంచి మాత్రం ఉంచి, దాన్ని నేరుగా చిన్నపేగుకి కలుపుతారు. తిండి తగ్గడమే కాదు, ఆకలి పుట్టించే హార్మోన్లూ మారతాయి. చాలామందికి షుగరు అదుపులోకి వస్తుంది, కొందరికి మందులే అక్కర్లేకుండా పోతాయి. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి వేలమందిని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనంలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో మరణాలు తక్కువని తేలింది. ఇది మోసం కాదు, మాయా కాదు. పనిచేసే వైద్యం.

కానీ ఆల్బమ్‌లో లేని పేజీలు కొన్నున్నాయి. కోసేసిన భాగం తిరిగి రాదు. ఐరన్, బి12, కాల్షియం, విటమిన్ డి బిళ్ళలు బతికినన్నాళ్ళూ వేసుకోవాలి, ఏటా రక్తపరీక్షలు చేయించుకోవాలి. మొదటి నెలల్లో జుట్టు ఊడుతుంది. పిత్తాశయంలో రాళ్ళు రావచ్చు. స్లీవ్ తర్వాత కొందరికి గుండెల్లో మంట వదలదు. ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. కొన్నేళ్ళకి బరువు కొంత తిరిగి రావడం మామూలే. ఆపరేషన్ తర్వాత నెలలోపు చనిపోయేవాళ్ళు వెయ్యికి ఒకరి నుంచి ముగ్గురి దాకా ఉంటారని లెక్క. తక్కువే. కానీ ఆ ఒక్కరూ ఎవరో ఒకరు కదా!

అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది రక్తం సంగతి. నా హిమోగ్లోబిన్ 8.9. ఆ కాగితం ఫైల్లోనే ఉంది, ఎవరూ దాని ఊసెత్తలేదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగానికి పైగా స్త్రీలు ఐరన్ లేక పాలిపోయి ఉన్న చోట, ఐరన్ ఒంటబట్టడాన్ని ఇంకా తగ్గించే ఆపరేషన్‌ని రక్తం మాటెత్తకుండా అమ్మడం ఏ వైద్యనీతి?

అదే సర్వేలో ఇంకో లెక్క చూడండి. బి.ఎం.ఐ. 25 గానీ ఆపైన గానీ ఉన్నవాళ్ళు తెలంగాణలో స్త్రీలు 30.1 శాతం, పురుషులు 32.3 శాతం. ఆంధ్రలో స్త్రీలు 36.3, పురుషులు 31.1. అంటే ఒళ్ళు ఇద్దరికీ ఉంది. కానీ ప్రపంచమంతటా ఈ ఆపరేషన్ బల్ల ఎక్కేవాళ్ళలో నాలుగింట మూడు వంతుల మంది స్త్రీలే. కొవ్వు ఇద్దరిదీ, కత్తి మాత్రం ఒకరికి!

ఆ గీత కూడా ఏటికేడాది జరుగుతోంది. 1991లో అమెరికా నిపుణులు బి.ఎం.ఐ. 40 దాటినవాళ్ళకీ, 35 దాటి వేరే జబ్బులున్నవాళ్ళకీ ఆపరేషన్ అన్నారు. 2022లో సర్జన్ల సంఘాలు 35 దాటితే చాలన్నాయి, ఆసియా వాళ్ళకి 27.5 చాలన్నాయి. నా ఎత్తున్న స్త్రీకి అది దాదాపు 69 కిలోలు. మనవాళ్ళకి తక్కువ బరువులోనే షుగరు వస్తుందన్నది నిజమే, కాదనను. కానీ 69 కిలోల పెళ్ళికాని అమ్మాయిని ఆల్బమ్ ముందు కూర్చోబెట్టి ఈ అంకె చూపిస్తే అది వైద్యమో వ్యాపారమో ఎవరు తేల్చాలి? బి.ఎం.ఐ.కి మూలమైన సూత్రం బెల్జియం గణాంకవేత్త కెటలే 1830లలో 'సగటు మనిషి'ని వెతుకుతూ కట్టినది, రోగుల కోసం కట్టినది కాదు. బి.ఎం.ఐ. ఒక్కదాన్నే చూసి జబ్బని తేల్చకూడదని 2025లో లాన్సెట్ కమిషన్ కూడా చెప్పింది. ఒళ్ళు వల్ల ఏ అవయవం దెబ్బతిందో, రోజువారీ బతుకు ఎక్కడ ఆగిందో చూడమంది. నా ఊపిరి ఆగడం ఆ లెక్కలోకి వస్తుంది. మా పిన్ని 'కానీ' రాదు.

వెయిటింగ్ హాల్లో నా పక్కన వరంగల్ నుంచి వచ్చినామె కూర్చుంది. నలభై దాటి ఉంటాయి. లోపల డాక్టరు ఆమెని అడిగిన ప్రతి ప్రశ్నకీ భర్తే జవాబు చెప్పాడట. ఆయన టీ తాగడానికి వెళ్ళినప్పుడు మెల్లగా అంది: "గిది చేయించుకుంటెనన్న ఇంకోదాని దిక్కు పోడేమో చెల్లె!" ఆమెకి ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఇప్పటికీ తోచడం లేదు. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషి ఆమె. పారెయ్యడం ఇష్టంలేక పిల్లల కంచాల్లో మిగిలింది కడుపులో వేసుకునే మనిషి. ఆపరేషన్ తర్వాత వారాల తరబడి ద్రవాలు, ఆ తర్వాత మెత్తటి పదార్థాలు, రోజుకి కనీసం 60 గ్రాముల ప్రొటీను, ఐదారుసార్లు కొంచెం కొంచెంగా తినడం... ఇవన్నీ ఆమెకి ఎవరు వండిపెడతారు? కత్తి ఆమె కడుపుని మార్చగలదు. వంటింటి వరసని మార్చగలదా?

తెలుగు స్త్రీ కడుపుకి కత్తి కొత్త కాదు. అదే సర్వే ప్రకారం ఆంధ్రలో పెళ్ళయిన పదిమంది స్త్రీలలో దాదాపు ఏడుగురు కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు. మగవాళ్ళ వాటా వందకి ఒకటి కూడా లేదు. తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. గర్భసంచులు తీయించుకోవడంలో దేశానికి మన రెండు రాష్ట్రాలే ముందు. మా అమ్మకి 24 ఏళ్ళప్పుడు ట్యూబెక్టమీ, 35కి గర్భసంచి తీసేశారు. రెండుసార్లూ సంతకం నాన్నదే. అమ్మకి సంతకం రాదా అంటే, హైస్కూల్లో చేతిరాతకి బహుమతి తెచ్చుకున్న మనిషి! ఆమెని ఎవరూ అడగలేదు, అంతే.

2008 జనవరిలో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో తీర్పు చెప్పింది. 44 ఏళ్ళ అవివాహిత పరీక్ష కోసం వెళ్తే, మత్తులో ఉండగా ఆమె తల్లి అనుమతి తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు వయసొచ్చిన మనిషి అనుమతి ఆ మనిషే ఇవ్వాలి, తల్లి ఇచ్చినా చెల్లదని కోర్టు తేల్చింది. అయినా కౌంటర్లు ఇంకా "మీవారు రాలేదా" అనే అడుగుతున్నాయి.

ఇక రెండో పేచీ. నా స్నేహితురాళ్ళతో. "నీ శరీరాన్ని నువ్వు ప్రేమించుకోలేవా? ఇన్నాళ్ళూ చెప్పిందంతా ఉత్తదేనా?" అన్నారు. 1993లో 'నీలిమేఘాలు' వచ్చిన కాలంలో, శరీరం గురించి రాసినందుకు మన కవయిత్రులు ఎన్ని మాటలు పడ్డారో చదివి పెరిగినదాన్ని. 1978లో సూసీ ఆర్బక్ ఒళ్ళు కూడా స్త్రీవాద సమస్యే అంటూ రాసిన పుస్తకాన్ని విద్యార్థులకి పరిచయం చేసినదాన్ని. శరీర రాజకీయాలు నాకు కొత్తగా నేర్పక్కర్లేదు. కానీ అమ్మలారా, రాత్రి రెండింటికి ఊపిరాడక లేచి కూర్చున్నప్పుడు నా శరీరం రాజకీయ ప్రకటన కాదు. ప్రేమించుకోవడం అంటే మందు ఇవ్వకపోవడమా? అమెరికన్ రచయిత్రి రోక్సేన్ గే పన్నెండేళ్ళప్పుడు అత్యాచారానికి గురై, ఎవరూ తాకలేనంతగా శరీరాన్ని పెంచుకున్నానని 2017లో వచ్చిన 'హంగర్'లో రాసింది. 2018 జనవరిలో ఆమె స్లీవ్ ఆపరేషన్ చేయించుకుంది, ఆ సంగతి తనే బాహాటంగా రాసింది. దాంతో ఆమె పుస్తకం అబద్ధమైపోయిందా? లావుగా ఉండి ఉద్యమానికి బొమ్మగా నిలబడమనడం, సన్నబడి పెళ్ళికి బొమ్మగా నిలబడమనడం... బొమ్మకి రెండూ ఒకటే.

నేను చేయించుకోవాలనే నిర్ణయించుకున్నాను.

కానీ నా షరతులు నావి. మొదట రక్తం. మరో చోట ఒక డాక్టరమ్మ హిమోగ్లోబిన్ కాగితం చూసి, "ముందు ఇది పెంచుకోండి, ఆపరేషన్ ఎక్కడికీ పోదు" అంది. ఆమెనే ఎంచుకున్నాను. 2025లో మన దేశానికొచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించీ ఆమె దాచకుండా చెప్పింది. ఆపేస్తే బరువు తిరిగొస్తుందనీ, నెలనెలా ఖర్చు ఇంతనీ లెక్కేసింది. రెండు దారులూ నా ముందు పెట్టి, ఆలోచించుకోమని పంపించింది. నాకు కావలసింది అదే. మా పిన్ని కూతురి పెళ్ళి ముందు చేయించుకోను. తర్వాత ఎవరి ఆల్బమ్‌కీ ఫోటో ఇవ్వను. అలాగని దాచను కూడా, "వాకింగ్ చేశాను" అని అబద్ధం ఆడను. బీమా ఉంది కాబట్టి నాకీ అవకాశం, వరంగల్ ఆమెకి పొలం అమ్మితే గానీ లేదన్నది మర్చిపోను.

ఆసుపత్రుల్ని నేను అడిగేది పెద్ద విషయమేమీ కాదు. భర్త టీకి వెళ్ళే దాకా ఆగకుండా, ఆయన్ని బయట కూర్చోబెట్టి ఆమెతో పది నిముషాలు ఒంటరిగా మాట్లాడండి. ఎందుకు చేయించుకుంటున్నావని అడగండి. రక్తం చూడండి. పెళ్ళి ఫోటోలు తీసెయ్యండి. మన సంఘాల్ని అడిగేది కూడా ఒకటుంది. నిర్ణయం ముందు మా పక్కన కూర్చోండి, నిర్ణయం తర్వాత మార్కులు వెయ్యకండి.

పోయినవారం అనుమతి పత్రం ఇంటికి తెచ్చుకుని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రెండుసార్లు చదివి సంతకం పెట్టాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితం తీసుకుని, చాలాసేపు చూసి, "మొత్తం చదవనిచ్చారా నిన్ను?" అని అడిగింది.