అంట్లు తోమితే లెక్కలోకి రాదా?

పిల్లలూ, మీ చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీ ఉందా? "ఇవాళ ఇన్ని క్యాలరీలు ఖర్చు చేశావు" అని చెప్పే వాచీ అన్నమాట. నేను అమెరికా వచ్చి ఇంకా ఏడాది కాలేదు. మా తెలుగు తరగతిలో చాలామంది పిల్లల చేతికి అది ఉంది. పోయిన వారం ఒక పాప అడిగింది: "టీచర్, గది ఊడిస్తే, అంట్లు తోమితే లెక్కలోకి వస్తుందా?" సగం మంది వస్తుందన్నారు, సగం మంది రాదన్నారు. నేనేమో వస్తుందనే అంటాను. కానీ ఏ లెక్కలోకి వస్తుందో కూడా చూడాలి.

ముందు క్యాలరీ సంగతి చూద్దాం. మనం నిద్రపోతున్నా గుండె కొట్టుకుంటుంది, ఊపిరి ఆడుతుంది, మెదడు పని చేస్తుంది. వీటన్నిటికీ శక్తి కావాలి. ఆ శక్తిని కొలవడానికే క్యాలరీలు. ఏ పనికి ఎంత శక్తి ఖర్చవుతుందో చెప్పడానికి శాస్త్రవేత్తలు 'మెట్' అనే కొలత వాడతారు. ఇది మనం ఎక్కి దిగే మెట్టు కాదు! ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తి సుమారు ఒక మెట్. 60 కిలోల పెద్దమనిషి గంటసేపు అలా కూర్చుంటే సుమారు 60 క్యాలరీలు ఖర్చవుతాయి.

రకరకాల పనులకు ఎన్ని మెట్‌లో చెప్పే పెద్ద పట్టిక ఒకటి 1993లో వచ్చింది. 2011లో దాన్ని సవరించారు. అందులో నిలబడి అంట్లు తోమడం 1.8, ఇల్లు ఊడవడం 3.3, మామూలు వేగంతో నడవడం 3.5. అంటే ఆ 60 కిలోల మనిషి గంటసేపు ఊడిస్తే సుమారు 198 క్యాలరీలు, గంటసేపు నడిస్తే 210. తేడా ఎంత చిన్నదో చూశారా? నడక లెక్కలోకి వస్తే, ఊడవడం ఎందుకు రాదు? (ఇవి పెద్దవాళ్ళ లెక్కలు. పిల్లలకు వేరే పట్టిక ఉంది.)

మరి వాచీ ఏం చేస్తుంది? అది మణికట్టు కదలికను బట్టి అడుగులు లెక్కపెడుతుంది. షాపులో రెండు చేతులతో బండి పట్టుకుని తోస్తూ నడిస్తే చెయ్యి ఊగదు. అందుకని కొన్ని అడుగులు దాని లెక్కకు అందవు. చపాతీ పిండి కలుపుతూ ఒక్క చోటే నిలబడితే అడుగులే పడవు. వాచీలో కనబడనంత మాత్రాన పని జరగలేదని కాదు కదా!

మేయో క్లినిక్‌లో జేమ్స్ లెవీన్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు 1999లో ఒక పరిశోధన ప్రచురించారు. 16 మందికి 8 వారాలు రోజూ 1000 క్యాలరీలు అదనంగా తినిపించారు. అందరికీ కొవ్వు ఒకేలా పెరగలేదు. లేవడం, తిరగడం, కదలడం లాంటి మామూలు కదలికలు ఎవరికి బాగా ఎక్కువయ్యాయో, వాళ్ళకు కొవ్వు తక్కువ పెరిగింది. కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయని మన సామెత. కరగనిది కొవ్వు ఒక్కటే!

నాకు ఇంకో కారణం కూడా ఉంది. మా అమ్మమ్మ ఏనాడూ జిమ్ముకు వెళ్ళలేదు. తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టేది. బావిలో నీళ్ళు తోడేది. రోట్లో పచ్చడి నూరేది. వీటిని లెక్కలోకి తీసుకోకపోతే, ఆవిడ రోజంతా ఏమీ చేయలేదని అన్నట్టే. "ఇంట్లోనేగా ఉన్నావు, ఏం చేశావు?" అనే మాట ఇంట్లో ఉండే అమ్మలు ఎంతోమంది వింటారు. నేనూ విన్నాను. లెక్కలో లేని పని కంటికి కూడా కనబడకుండా పోతుంది.

అయితే రెండు జాగ్రత్తలు. ఒకటి, ఒకే క్యాలరీని రెండుసార్లు లెక్కపెట్టకూడదు. గంటసేపు అంట్లు తోమితే 108 క్యాలరీలు. కానీ అందులో 60 ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవే. అదనంగా ఖర్చయింది 48. పది నిమిషాలు తోమితే 8 మాత్రమే. ఇంకో మాట: ఇన్ని క్యాలరీలు ఖర్చు చేశాను కాబట్టి ఇంతే తింటాను అని లెక్కలు వేసుకోకండి. మీరు ఎదిగే పిల్లలు. ఆకలేస్తే తినాలి.

రెండోది, ఇంటిపని ఆటకు బదులు కాదు. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలైనా గుండె వేగం పెరిగేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అంట్లు తోమితే ఆయాసం రాదు. పరుగెత్తాలి, గెంతాలి, కబడ్డీయో సాకరో ఆడాలి. "పక్క సర్దాను, ఇవాళ ఆటకు రాను" అంటే నేను ఒప్పుకోను!

కాబట్టి నా మాట ఇది: ఇంటిపనిని శక్తి లెక్కలో తప్పకుండా రాయండి. ఆట లెక్క మాత్రం విడిగా ఉంచండి.

ఇప్పుడు మీ వంతు. మీ ఇంట్లో ఒకరిని ఎంచుకోండి. వాళ్ళు పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా చేసిన పనులన్నీ తెలుగులో రాయండి: ఊడ్చారు, తుడిచారు, తరిగారు, ఉతికారు, ఆరేశారు, మడతపెట్టారు... వాచీ లెక్కపెట్టని పనుల కింద గీత గీయండి. వాటిలో ఒక పని రేపటి నుంచి మీరు చేయండి. నా అభిప్రాయం తప్పనిపిస్తే, ఎందుకో ఐదు వాక్యాల్లో రాసి తీసుకురండి. తరగతిలో వాదించుకుందాం.