పక్షుల దీవిలో పాడుపడిన వీధి

స్కాట్లండు దేశమునకు పడమట, అట్లాంటిక్ మహాసముద్రములో, సెయింట్ కిల్డా యను చిన్న దీవుల గుంపు కలదు. వానిలో పెద్దది హిర్టా. పెద్దదన్న మాటయే గాని, దాని వైశాల్యము ఏడు చదరపు కిలోమీటర్లైనను లేదు. వేసవిలో సముద్రము శాంతించిన దినములందు హారిస్ నుండి పడవలు యాత్రికులను అచటికి కొనిపోవును. గాలి ప్రతికూలించినచో, దీవి కన్నులయెదుట నున్నను దిగుటకు వీలుండదు.

దిగినవారి నాకర్షించునది మొదట పక్షుల కోలాహలము. 430 మీటర్ల ఎత్తుగల కోనకైర్ కొండ ఒకవైపున సముద్రములోనికి నిట్టనిలువుగా తెగిపడినట్లుండును. ఆ రాతి అంచులపై ఫుల్మార్ అను కడలిపక్షులు గుడ్లు పెట్టును. గడ్డి వాలులలో బొరియలు త్రవ్వుకొని రంగురంగుల ముక్కుగల పఫిన్ పక్షులు కాపురముండును. సముద్రమునుండి లేచిన రాతి స్తంభములమీద తెల్లని గానెట్లు మంచువలె కప్పుకొనియుండును.

తరువాత కనబడునది వీధి. సముద్రమునకు అభిముఖముగా, ఒకే వరుసలో, 1860 ప్రాంతమున కట్టిన పదునారు ఇండ్లు. వానిలో కొన్ని బాగుచేయబడినవి, తక్కినవానికి గోడలే మిగిలినవి. కొండలనిండ రాతితో పేర్చిన చిన్న కొట్లు వేయికి పైగా నున్నవి. వానిలోనే ఆ దీవివారు పక్షిమాంసమును, ఈకలను, గడ్డిని గాలికి ఆరబెట్టి దాచుకొనెడివారు. నేడు స్థిరనివాసులు లేరు. సైన్యపు రాడారు కేంద్రములోని ఉద్యోగులు, పరిశోధకులు, కాపలావారు మాత్రము వంతులవారీగా వచ్చిపోవుదురు.

“మనుష్యుడు తొలగెను, ప్రకృతి తన సొత్తును తిరిగి పొందెను” అని ఇటువంటి చోట్లను చూచినవారు వ్రాయుట పరిపాటి. ఆ మాట వినుటకు ఇంపుగా నున్నది. నేను మాత్రము దాని నొప్పుకొనజాలను.

ఆ దీవివారు పక్షులను చంపియే జీవించిరన్నది నిజము. త్రాళ్ళు కట్టుకొని కొండచరియలలోనికి దిగి ఫుల్మారులను పట్టెడివారు. దాని నూనె దీపమునకు, మాంసము ఆహారమునకు, ఈకలు భూస్వామి శిస్తునకు. ప్రతి ఉదయము పురుషులందరు వీధిలో కూడి ఆనాటి పనిని నిర్ణయించుకొనెడివారు. దొరికిన పక్షులను ఇంటింటికి పంచెడివారు, ముదుసలులకును రోగులకును గూడ భాగముండెను. వందల యేండ్లు ఇట్లు జరిగినను ఫుల్మారులు తరిగిపోలేదు. 1878 వరకు బ్రిటిషు దీవులన్నిటిలో ఫుల్మారులు గూడు కట్టినది ఇచటనే.

వారిని దోషరహితులుగా చిత్రించుట నా ఉద్దేశము గాదు. 1840 ప్రాంతమున ఎగురలేని మహా ఆక్ పక్షి యొకటి వారి చేతికి చిక్కెను. అంతలో తుపాను రేగగా, అది మంత్రగత్తె యని భ్రమించి కొట్టి చంపిరి. బ్రిటను దేశములో ఆ జాతికి అదియే కడపటిది. మరియొక దుఃఖము: చాలకాలము అచటి శిశువులలో పెక్కుమంది పుట్టిన వారము పదిదినములలో ధనుర్వాతముతో మరణించుచుండిరి. ఒక మతాచార్యుడు ప్రసవవేళ శుభ్రతను పట్టుదలతో నేర్పిన పిమ్మట, 1890లలో ఆ ఉపద్రవము నిలిచెను.

మరి వారిని వెళ్ళగొట్టినదెవరు? పక్షులు గావు, తుపానులును గావు. 1727లో మశూచి ప్రబలినప్పుడు, వేటకై ఒక రాతి స్తంభముమీద దిగిన ముగ్గురు పురుషులును ఎనిమిదిమంది బాలురును తొమ్మిది నెలలు అచటనే చిక్కుకొని, పక్షులను చేపలను తిని బ్రదికిరి. అంతటివారిని సడలించినది బయటి ప్రపంచముతోడి అసమానమైన స్నేహము. 1877 నుండి వేసవి ఓడలు క్రమముగా వచ్చెను. యాత్రికులు దిగి, వారిని వింతజంతువులను చూచినట్లు చూచి, నాణెములిచ్చి, కొండ దిగి చూపుమనిరి. ఓడ వచ్చినప్పుడెల్ల దగ్గు వచ్చెను. యువకులు ఒక్కొక్కరుగ వెడలిపోయిరి. శీతకాలములో మాత్రము ఓడలు లేవు, వైద్యుడు లేడు. తుదకు తామే ప్రభుత్వమునకు విన్నపము వ్రాసికొని, 1930 ఆగస్టు 29వ తేదీన మిగిలిన 36 మందియు ఓడ నెక్కిరి. ఇంటింట బైబిలు గ్రంథమును తెరచి, ప్రక్కన పిడికెడు ఓట్లగింజలను ఉంచి పోయిరందురు. అచట పుట్టినవారిలో చివరివారు 2016లో కన్నుమూసిరి.

మనుష్యులు పోయిన పిమ్మట దీవి బాగుపడినదా? ఆ ఇండ్లను నమ్ముకొని బ్రదికిన ప్రత్యేకజాతి చిట్టెలుక యొకటి ఉండెను. పొయ్యిలు చల్లారిన కొలది సంవత్సరములలోనే అది భూమిమీద లేకుండ పోయెను. ఇక పక్షుల మాట. వానిని పట్టువారెవరును లేకపోయి తొంబదియేండ్లు దాటినది. ఐనను కిటివేక్ పక్షులు మిక్కిలి తగ్గినవి. సముద్రము వేడెక్కుటచే పిల్లలకు పెట్టవలసిన చిన్నచేపలు కొరవడుట దీనికి ఒక కారణము. 2022లో పక్షిజ్వరము గానెట్లను, గ్రేట్ స్కువా అను పెద్దపక్షులను కూల్చెను. ఆ వేడిమి హిర్టా వీధిలోని పదునారు పొయ్యిలనుండి పుట్టినది గాదు. దీవిని కంటితోనైనను చూడని మనవంటివారి పొగగొట్టములనుండి పుట్టినది.

నేడు దిగుచున్న యాత్రికులను, సంచులలో ఎలుకలు దాగియున్నవేమో చూచుకొమ్మని ముందే హెచ్చరింతురు. ఎలుక యొక్కటి చేరినను బొరియలలోని గుడ్లకు చేటు. ఈ జాగ్రత్త నాకెంతయు నచ్చినది. 1877లో దిగినవారి సంచులను గూడ ఎవరైన విప్పి చూచియుండిన ఎంత బాగుండెడిది!