ఒకటో తరగతిలో ఫెయిలైందెవరు?

అయిదు, ఎనిమిది తరగతుల పిల్లలను ఇకమీదట ఫెయిల్ చేయవచ్చునని కేంద్రం నిర్ణయించింది. విద్యాహక్కు చట్టం నిబంధనలకు 2024 డిసెంబరు 16న చేసిన సవరణ ఆ నెల 23న బయటికొచ్చింది. ఏడాది చివర పరీక్ష, తప్పినవారికి రెండు నెలల్లో మరో పరీక్ష, అందులోనూ తప్పితే మళ్లీ అదే తరగతి. ఇదంతా పిల్లల మేలుకేనట, చదువులు బాగుపడటానికేనట. సాధ్యమైన ప్రయత్నాలన్నీ చేశాకే, తప్పనిసరైతేనే పిల్లలను ఆపుతామని కేంద్ర పాఠశాల విద్యాశాఖ కార్యదర్శి భరోసా కూడా ఇచ్చారు. పరీక్ష ఉండాలా వద్దా అన్నదానిపై ఎంతసేపైనా వాదించుకోవచ్చు. ఈ ‘ప్రయత్నాలన్నీ చేశాకే’ అన్న మాటను మాత్రం విని ఊరుకోలేం. అది నిజం కాదు గనుక.

ఏ ప్రయత్నాలు? ఎవరు చేశారు? ఎప్పుడు చేశారు?

అయిదో తరగతి పరీక్ష గదిలోకి వెళ్లేముందు ఒకటో తరగతి గదిలో కాసేపు కూర్చుందాం. జూన్‌లో బడి తెరిచిన నాటినుంచి దసరా సెలవుల దాకా ఆరేళ్ల పిల్ల నేర్చుకోవలసింది పెద్దల కంటికి బహు స్వల్పం. అక్షరాలు, తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము. రెండు మూడక్షరాల మాటలను కూడబలుక్కుని చదవడం. ఇరవై దాకా లెక్కపెట్టడం, చింతగింజలో పుల్లలో ముందు పెట్టుకుని కలపడం, తీసేయడం. ఆ స్వల్పం మీదే తర్వాతి చదువంతా నిలబడాలి. ‘మ’కూ ‘య’కూ తేడా, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా అప్పుడే కంటికి ఆనకపోతే, రెండో తరగతిలో వత్తులు వచ్చేసరికి పుస్తకం పిల్లకు గోడలా అడ్డం నిలుస్తుంది.

ఆ పిల్లను పాఠం చదవమంటే గడగడా చదివేస్తుంది. వేలు ఒక వరుస మీద ఉంటుంది, నోరు రెండు వరుసలు ముందుంటుంది. నడుమ ఒక మాట చూపించి ‘ఇదేమిటమ్మా’ అని అడిగితే, తెల్లబోయి, మళ్లీ పాఠం మొదటినుంచి ఎత్తుకుంటుంది. ఆమెకు వచ్చింది పాట, చదవడం కాదు. అదే పిల్లను మూడో తరగతిలో 42 లోంచి 17 తీసేయమంటే 35 అని వేస్తుంది. తెలివితక్కువై కాదు. ఏడులోంచి రెండు పోతే అయిదు, నాలుగులోంచి ఒకటి పోతే మూడు. పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీయాలని ఆమెకు నేర్పారు, ఆమె నేర్చుకుంది. పది పుల్లల కట్టను విప్పితే పది ఒకట్లు అవుతాయని మాత్రం ఎవరూ ఆమె చేతికి కట్ట ఇచ్చి చూపలేదు. తప్పు కనిపించింది మూడో తరగతిలో, పుట్టింది ఒకటో తరగతిలో. ఈలోగా రిజిస్టరులో ఆమె పేరు ఎదుట గ్రేడు పడింది. సిలబస్ పూర్తయిందన్న నివేదిక మండలానికి, జిల్లాకు, రాజధానికి ప్రయాణం కట్టింది.

ఇది ఎక్కడో ఒక బడి ముచ్చట కాదు. ప్రథమ్ సంస్థ గ్రామీణ ప్రాంతాల్లో తిరిగి తయారుచేసిన 2022 అసర్ నివేదికను తిరగేయండి. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు ఆంధ్రప్రదేశ్‌లో 2018లో 22.6 శాతం, 2022లో 10.3 శాతం. తెలంగాణలో 18.1 శాతం నుంచి 5.2 శాతానికి పడిపోయారు. నూటికి తొంభై అయిదుగురు మూడో తరగతికొచ్చి రెండో తరగతి పాఠం చదవలేకపోతే, ఆ తొంభై అయిదుగురూ మొద్దులని అనగలమా? పొలమంతా ఎండితే తప్పు మొక్కదని ఏ రైతూ అనడు.

ఇప్పుడు ‘ప్రయత్నాల’ లెక్క చూద్దాం. విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన ఉండాలంటుంది. అదే చట్టం 60 మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు చాలంటుంది. తరగతులు అయిదు, టీచర్లు ఇద్దరు. ఇద్దరూ ఒక్కరోజు సెలవు పెట్టకుండా చెప్పినా ఒక్కో తరగతికి దక్కేది 320 గంటలు, అంటే రోజుకు గంటన్నర పైచిలుకు. తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం అన్నీ అందులోనే. మిగతా పొద్దంతా ‘ఎక్కాలు రాసుకోండి’. ఇది చట్టాన్ని తు.చ. తప్పక పాటించిన బడి సంగతి. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఆ గంటన్నర ముప్పావుగంట అవుతుంది. ఒకటో తరగతి పిల్ల ఆ ముప్పావుగంటలో ‘క’ గుణింతం పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే అయిదో తరగతిలో ఫెయిల్ కావాలి.

ఆ ముప్పావుగంటైనా మిగలనిచ్చారా? దశాబ్ద జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప మరే బోధనేతర పనికీ టీచర్లను వాడరాదని చట్టంలోని 27వ సెక్షన్ చెబుతోంది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వే కోసం ప్రాథమిక పాఠశాలలను ఒంటిపూటకు కుదించి, సెకండరీ గ్రేడ్ టీచర్లను ఇల్లిల్లూ తిప్పింది. హైస్కూలు జోలికి పోలేదు. పనికి దొరికింది చిన్నపిల్లల టీచరే. చిన్నపిల్లల చదువు కాస్త ఆగినా కొంపలేం మునగవన్న ధీమా ప్రభుత్వాలన్నిటిదీ. ఆంధ్రప్రదేశ్‌లో గత ప్రభుత్వం టీచర్ల చేత మరుగుదొడ్ల ఫొటోలు తీయించి యాప్‌లో ఎక్కించింది. 117 జీవోతో మూడు నుంచి అయిదు తరగతులను హైస్కూళ్లకు తరలించి, ఒకటి రెండు తరగతులు మిగిలిన బడులను చాలాచోట్ల ఒక్క టీచరుకు వదిలేసింది. పునాది గట్టిగా ఉండాలని ఉపన్యాసాలు, పునాది దగ్గర మేస్త్రీకే కోత!

కేంద్రం సంగతి ఇంకా విచిత్రం. మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లా చదవడం, రాయడం, లెక్క చేయడం నేర్చుకోవాలని 2021 జులైలో ‘నిపుణ్ భారత్’ ప్రారంభించింది. దానికి పెట్టుకున్న గడువు 2026-27. అంటే ప్రభుత్వం తన పని పూర్తిచేయడానికి తనకు తాను ఇచ్చుకున్న గడువు ఈ సవరణ నాటికి ఇంకా రెండేళ్లకు పైగా ఉంది. పిల్లవాడికి ఇచ్చిన గడువు మాత్రం ఆ విద్యాసంవత్సరం, అంటే 2024-25 చివరి పరీక్ష. తన గడువు రాకముందే పిల్లవాడి గడువు తీరిందని చెప్పే ప్రభుత్వం, ప్రయత్నాలన్నీ చేశానని ఏ నోటితో అంటుంది?

ఆ ఏడు అయిదో తరగతిలో ఉన్నదెవరో ఒక్కసారి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే ఈ నిర్ణయం ఎంత నిర్దయగా ఉందో అర్థమవుతుంది. 2024-25లో అయిదో తరగతి అంటే 2022లో మూడో తరగతి. అసర్ నివేదికలో మనం చూసిన 10.3 శాతం, 5.2 శాతం వీళ్ల లెక్కలే. 2020లో వీళ్లది ఒకటో తరగతి. కొవిడ్‌తో బడులు మూతపడిన ఏడాది అది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక తరగతులు 2021 ఫిబ్రవరిలో గానీ తెరుచుకోలేదు. తెలంగాణలో సెప్టెంబరు దాకా తెరుచుకోలేదు. అప్పటికి వీళ్లు రెండో తరగతిలో ఉన్నారు. ఇంట్లో ఫోనున్నవాడు ఫోనులో చదివాడు, లేనివాడు అమ్మానాన్నల వెంట పనికి పోయాడు. గుణింతాలు, కూడికలు నేర్వవలసిన వయసులో బడి గడప తొక్కే వీలే లేకపోయిన పిల్లలు వీళ్లు. ఈ సవరణ కింద ఫెయిల్ చేయడానికి కేంద్ర సర్కారువారికి మొట్టమొదట దొరికినవారిలో వీళ్లూ ఉన్నారు.

తప్పినవారికి రెండు నెలలు ప్రత్యేకంగా బోధిస్తాం కదా అంటున్నారు. నిబంధన ప్రకారం ఆగిపోయిన పిల్లవాడి లోటు ఎక్కడుందో క్లాసు టీచరు గుర్తించి సాయపడాలి, అవసరమైతే తల్లిదండ్రులకూ దారి చూపాలి. అలాంటి పిల్లల జాబితాను ప్రధానోపాధ్యాయుడు రాసి ఉంచాలి, వారి ప్రగతిని స్వయంగా కనిపెట్టుకుని ఉండాలి. చక్కని మాటలు. కానీ పిల్లవాడి లోటును గుర్తించడం, జాబితా రాయడం, రెండు నెలలు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పడం అయిదో తరగతిలో సాధ్యమైతే ఒకటో తరగతిలో ఎందుకు సాధ్యం కాలేదు? గుడికీ కొమ్ముకీ తేడా తెలియడానికి ఆరేళ్ల వయసులో ఆరు వారాలు చాలు. పదేళ్ల వయసులో, పక్క పిల్లల నవ్వుల మధ్య, ఆరు నెలలైనా చాలవు. మందు చేతిలో ఉంచుకుని జ్వరం ముదిరేదాకా ఆగి, తగ్గకపోతే రోగిదే తప్పనడం వైద్యం అనిపించుకోదు.

ఆపేసిన పిల్లకు మళ్లీ ఇచ్చేది అయిదో తరగతి పుస్తకమే. ఆమెకు రానిది ఒకటో తరగతి గుణింతం. అయిదో తరగతి పాఠాలు రెండోసారి విన్నంత మాత్రాన ఆ గుణింతం వస్తుందని ఏ టీచరైనా గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలరా? ఆ పిల్ల నేర్చుకునేది ఒక్కటే, తనకు చదువు అబ్బదని. ఆడపిల్లయితే ఆ మాట ఇంట్లోనూ వినబడుతుంది, ఆపై పత్తిచేను ఎంతో దూరంలో ఉండదు.

పరీక్ష భయం లేక టీచర్లు, పిల్లలు ఇద్దరూ నిర్లక్ష్యం చేశారని, నిరంతర మూల్యాంకనం కాగితాలకే పరిమితమైందని ఈ నిర్ణయాన్ని సమర్థించేవారు అంటారు. రెండోది నిజం, దానికి శిక్ష పడవలసింది మూల్యాంకనాన్ని కాగితాలకు పరిమితం చేసినవారికి. ఏమీ రాకపోయినా పై తరగతికి నెట్టడం పిల్లకు ద్రోహమే అన్నదీ నిజం. అయితే ఆ ద్రోహం మొదలైంది అయిదో తరగతి గేటు దగ్గర కాదు.

నవోదయలు, సైనిక పాఠశాలలు ఆరో తరగతితో మొదలవుతాయి గనుక అయిదో తరగతి నిబంధన ప్రస్తుతానికి తగిలేది ప్రధానంగా కేంద్రీయ విద్యాలయాలకే. తరగతికో టీచరున్న బడులవి. అలాగని మనకేమని ఊరుకోవడానికి లేదు. 2019 నాటి చట్ట సవరణ ఈ అధికారాన్ని రాష్ట్రాల చేతికీ ఇచ్చింది. 2024 డిసెంబరు నాటికే 16 రాష్ట్రాలు, 2 కేంద్రపాలిత ప్రాంతాలు ఫెయిల్ చేసే బాట పట్టాయి. తమిళనాడు తాను ఆ దారిన పోనని తెగేసి చెప్పింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అప్పటివరకు పిల్లలను ఆపకుండానే వచ్చాయి. కేంద్రం ముద్ర పడిన ఆలోచన రాష్ట్రాలకు దిగడానికి ఎంతోకాలం పట్టదు. పిల్లలను ఫెయిల్ చేయబోమని ఈ రెండు ప్రభుత్వాలూ ఇప్పుడే, బహిరంగంగా చెప్పాలి. తెలంగాణ 2022లో మొదలుపెట్టిన ‘తొలిమెట్టు’ లాంటి ప్రయత్నాలకు టీచర్లనూ సమయాన్నీ ఇచ్చి నిలబెట్టాలి. ఒకటి, రెండు తరగతుల టీచరును ఏ సర్వేకూ ఏ యాప్‌కూ పంపబోమని ఉత్తర్వు ఇవ్వాలి. ఎంత చిన్న బడైనా ఈ రెండు తరగతులకు వేరే పని లేని టీచరు ఉండాలి.

జాబితా కావాలన్న కేంద్రం కోరికను మేమూ బలపరుస్తున్నాం. అయితే దాన్ని రాయవలసింది అయిదో తరగతి చివర కాదు, ఒకటో తరగతి దసరా సెలవులకు ముందు. ఎవరికి గుడి రాలేదో, ఎవరు పది దాటి లెక్కపెట్టలేకపోతున్నారో పేరుపేరునా రాయండి. ప్రతి పేరు పక్కన ఒక గడి గీయండి. ఈ టర్ములో ఈ పిల్లకు టీచరు ఎన్ని రోజులు దొరికారో అందులో వేయండి. కింద ప్రధానోపాధ్యాయుడి సంతకంతో పాటు జిల్లా విద్యాశాఖాధికారి సంతకం కూడా ఉండనివ్వండి. ఆ గడులు నిండిన జాబితా ముందు పెట్టుకున్నాక, అయిదో తరగతి పరీక్ష గురించి అప్పుడు మాట్లాడుకుందాం.