కాకిబంగారం గుంతల్లోకి దిగకండి!



మాది సముద్రపు ఒడ్డు ఊరు. కిందటేడు వేసవి సెలవుల తర్వాత మా తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు అరచేయంత అభ్రకం పలక తెచ్చి నా బల్లమీద పెట్టాడు. సైదాపురం వైపు మేనమామగారి ఊరికి వెళ్లినప్పుడు, పాడుబడ్డ గనిలో దొరికిందట. నేను సంబరపడిపోయి దాన్ని పొరలు పొరలుగా విడదీసి తరగతికంతా చూపించాను. "శభాష్!" అన్నాను. దసరా సెలవుల్లో వాడి వెంట మరో ఇద్దరు వెళ్లారు. గట్టు విరిగి ఒకడు లోపలికి జారాడు. అదృష్టం బాగుండి కొంత దిగువన రాతిమెట్టు మీద ఆగాడు. చెయ్యి విరిగింది, ప్రాణం దక్కింది. ఆ మెట్టు కింద అంతా నీళ్లే. నేనన్న ఆ "శభాష్" నన్నింకా గుచ్చుతూనే వుంది. అందుకే మీకీ నాలుగు మాటలు.

గూడూరు, సైదాపురం, రాపూరు ప్రాంతాల నేలలో దొరికే అభ్రకాన్నే మనవాళ్లు కాకిబంగారం అంటారు. అది వేడికి తట్టుకుంటుంది, విద్యుత్తును తనగుండా పోనివ్వదు. అందువల్ల రేడియో వాల్వులలోనూ, కండెన్సర్లలోనూ, ఇస్త్రీపెట్టెలలోనూ వాడారు. 1939–45 మధ్య జరిగిన రెండవ ప్రపంచ యుద్ధకాలంలో దానికి ఎంతో గిరాకీ. తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చి వాల్వులను తోసేశాయి. గిరాకీ పడిపోయింది. ఎన్నో గనులు మూతపడ్డాయి. మనుషులు వెళ్లిపోయారు, గుంతలు మిగిలాయి.

గుంత అంచున నిలబడి తొంగి చూస్తే ఏమవుతుంది అంటారా? అక్కడి రాయి చాలాచోట్ల పొరలరాయి. వాననీరు ఆ పొరల మధ్యకు దిగి, ఏళ్ల తరబడి వాటిని వదులు చేస్తుంది. పైకి గట్టిగా కనిపించే అంచు మీ బరువుకు ఊడిపోవచ్చు. లెక్క మీరే వేయండి. 20 మీటర్ల లోతుకు పడటానికి పట్టేది రెండు సెకన్లు. అడుగుకు చేరేసరికి వేగం సెకనుకు సుమారు 20 మీటర్లు, అంటే గంటకు 72 కిలోమీటర్లు. రోడ్డుమీద పరుగెత్తే బస్సు వేగం!

రెండో అపాయం కంటికి కనబడదు. మనం పీల్చే గాలిలో సుమారు 21 శాతం ఆక్సిజన్. గాలి ఆడని సొరంగంలో కుళ్లే ఆకులూ, పాత కర్రలూ ఆక్సిజన్‌ను తినేసి కార్బన్ డై ఆక్సైడును వదులుతాయి. అది గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు గనుక అడుగున చేరుతుంది. ఆక్సిజన్ పది శాతానికి తగ్గితే మనిషి హెచ్చరిక లేకుండానే స్పృహ తప్పుతాడు. బ్రిటన్ బొగ్గుగనుల్లో 1986 వరకు కానరీ పిట్టలను వెంట తీసుకుపోయేవారు. పిట్ట తూలితే మనుషులు బయటికి పరుగెత్తేవారు. మన ఊళ్లలో పాడుబావిలో దిగినవాణ్ణి రక్షించబోయి, ఒకరి వెనుక ఒకరు పోయిన సంగతులు మీరూ వినే వుంటారు. దీపం వెలుగుతోంది కదా అని ధైర్యపడకండి. ఆరని దీపం అన్ని విషవాయువుల సంగతీ చెప్పదు.

మూడోది నీరు. "సముద్రంలోనే ఈదేవాళ్లం సార్, గుంటలో ఏముంది?" అన్నాడు మా కుర్రవాడు. ఉన్నది చెబుతాను. సముద్రపు ఉప్పునీరు మంచినీటికంటే బరువు, మనిషిని కాస్త ఎక్కువగా తేలుస్తుంది. ఒడ్డున మెల్లగా దిగే ఇసుక వుంటుంది, అలసిపోతే కాలు ఆనుతుంది. గనిగుంతలో ఒడ్డే లేదు. చుట్టూ నిట్రగోడ, పట్టుకుంటే ఊడే రాయి. పైన వెచ్చగా వున్న నీరు లోతుకు పోయేకొద్దీ చల్లబడుతుంది. హఠాత్తుగా చల్లదనం తగిలితే ఊపిరి ఎగబీలుస్తాం, ఆ ఒక్క గుటకలో నీరు లోపలికి పోతుంది.

మరి తప్పంతా పిల్లలదేనా? కాదనే నా అభిప్రాయం. గనిని వదిలి వెళ్లేముందు దాని నోటికి కంచో, గోడో కట్టాలని మన దేశంలో 1961 నాటి లోహగనుల నిబంధనలు చెబుతున్నాయి. కంచె లేని గుంత పక్కన నిలబడి పిల్లల్ని తిట్టడం పెద్దలకు తగదు. ఊరి దగ్గర అటువంటి గుంత కనిపిస్తే మీ ఉపాధ్యాయులకు చెప్పండి. తరగతంతా కలిసి పంచాయతీకీ, తహసీల్దారుకూ అర్జీ రాయండి. అది కూడా సైన్సు చదివినవాళ్లు చేయవలసిన పనే.

ఎవరైనా లోపల పడితే మీరు దూకవద్దు, దిగవద్దు. వెంటనే పెద్దలను కేకవేయండి, 112కు ఫోను చేయించండి. అంచుకు దూరంగా, గట్టినేలమీద వుండి తాడో, మూత బిగించిన ఖాళీ క్యానో విసరండి.

ఆసక్తిని చంపుకోమని నేననను. వాగు ఇసుకను గుప్పెడు తెచ్చి ఎండలో ఆరబోసి భూతద్దంతో చూడండి. తళుక్కుమనే పొలుకులు కనిపించవచ్చు, అవి అభ్రకమే కావచ్చు. మా కుర్రవాడు తెచ్చిన పలక మా ప్రయోగశాల బీరువాలో వుంది. కాని ఇప్పుడు దాన్ని తరగతిలో చూపినప్పుడల్లా ముందు చెయ్యి విరిగిన కథ చెబుతాను, ఆ తర్వాతే పొరలు విడదీస్తాను.